అట్టల మామ వేళ్లు

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, హిందూపురంలో నా షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. ధర్మవరం నంబరు. తీయబుద్ధి కాలేదు. మూడు వారాలుగా ఆ నంబరు నుంచి ఒక్క మంచి మాట రాలేదు. మొదట కాలి బొటనవేలు తీసేశారన్నారు. తర్వాత పాదం అన్నారు. ఆ తర్వాత మోకాలి దాకా అన్నారు. ఈసారి అత్త ఎక్కువ మాట్లాడలేదు.

"మీ మామ పోయినాడు నాయనా. బిరీన రా."

షట్టరు దించి స్టేషనుకు పోయాను. ప్యాసింజరు పెనుకొండలో ఆగితే అమ్మ ఎక్కింది. అది మా ఊరు. పోయినాయన అమ్మకు సొంత అన్న. అమ్మ కిటికీ పక్కన కూర్చుని ఒకటే అడిగింది. "కాల్లో ఏం గుచ్చుకున్యాదో డాక్టర్లకు గూడా తెలీదంటనే?" ముల్లయి ఉంటుందన్నారని చెప్పాను. మేమంతా ముల్లే అనుకున్నాం. తుమ్మముల్లు లేని దోవ మా సీమలో ఎక్కడుంది గనక?

ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. చదివేవాళ్లు ఆయన్ను ఎరగరు. ధర్మవరంలో కూడా పేరు చెప్పి అడిగితే ఎవరూ ఇల్లు చూపించరు. అట్టల మామ అంటే మాత్రం చేయిపట్టి తీసుకుపోతారు.

పట్టుచీర అంచులో హంస రావాలంటే, మగ్గం నెత్తిన ఉండే జకార్డు పెట్టెకు ఆ సంగతి ఎవరో చెప్పాలి. చెప్పేవి అట్టలు. ఒక్కో అట్ట నిండా వరసలుగా రంధ్రాలు. రంధ్రమున్న చోట దారం లేస్తుంది, లేని చోట లేవదు. ఒక్క డిజైనుకు వందల అట్టలు కావాలి. వాటిని దబ్బనంతో ఒకదానికొకటి కుట్టి, పొడుగాటి వరస చేసి మగ్గం మీదికి ఎక్కిస్తారు. ఆ కుట్టే పని మామది. కుట్టేటప్పుడే ఎక్కడైనా తప్పు రంధ్రం పడిందేమో చూసే పని కూడా ఆయనదే.

చూడడం అన్నాను గానీ ఆయనకు చూపు లేదు. నాలుగేళ్ల వయసులో అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి. వేళ్లతో చదివేవాడు. హంస మెడ ఎక్కేటప్పుడు ఏ వరసలో పోయిందో, దిగేటప్పుడు అదే వరసలో తిరిగి రావాలి. అందుకని మొదటి సగం అట్టలు తడిమి గుర్తుపెట్టుకుంటే, రెండో సగంలో తప్పు ఆయన వేలి కిందికి తనంతట తానే వచ్చేది. కళ్లున్నవాళ్లు గ్రాఫ్ కాగితం ముందేసుకుని రెండుసార్లు సరిచూసిన అట్టల్లో కూడా ఆయన తప్పు పట్టేవాడు. పట్టి, ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. "కన్ను ఒక్కసారి చూసి పోతాదప్పా. వేలు మళ్లీ మళ్లీ అడుగుతాది," అనేవాడు.

అట్టకు జిడ్డు తగలకూడదని పనికి ముందు శీకాయ పొడితో చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకునేవాడు. అంతలో ఎవరన్నా వచ్చి చేయి పట్టుకోబోతే మోచేయి ఇచ్చేవాడు. చిన్నప్పుడు నేను సెలవులకు పోతే నాకూ మోచేయే. మామకు చేతులు లేవని మా చెల్లెలు కొన్నాళ్లు నమ్మింది.

తొంభైల చివర నేను కంప్యూటరు డిప్లొమా చేసి హిందూపురంలో పనికి కుదిరాను. అప్పుడే మామ పనిచేసే షావుకారు డిజైన్లకని ఒక కంప్యూటరు కొన్నాడు. దాన్ని బిగించి, ప్రోగ్రాం ఎక్కించి, గుమాస్తాకు నేర్పి వచ్చింది ఎవరనుకున్నారు? నేనే. మా మామ పనిచేసే చోటికే పోతున్నానని ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ పోయాను.

మామను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద హంస మెరిసిపోతోంది. ఆయన తెర మీద వేళ్లు పెట్టగానే అది చిటపటమంది. పైనుంచి కిందికి ఒకసారి, అడ్డంగా ఒకసారి తడిమాడు.

"నున్నగా ఉండాది. దీంట్లో నాకేమీ రాసిల్యా అప్పా," అన్నాడు.

షావుకారు మంచివాడే. ఆయన భుజం తట్టి, "ఇంగ నీకు అట్టలు తడిమే బాధ ఉండదులే మామా. తప్పులన్నీ ఈ టీవీలోనే కనపడిపోతాయి," అన్నాడు.

"ఎవరికి కనపడతాయి?" అన్నాడు మామ.

గుమాస్తా మౌసు కదుపుతూ కూర్చున్నాడు. ఆయన చేసే పనిని నా చేతులతోనే నేను తీసేశానని నాకు తిరిగొచ్చే రైల్లో గానీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా, కాలం మారుతోంది, మనమేం చేస్తాం అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ వయసులో సర్దిచెప్పుకోవడం బాగా వచ్చేది.

అట్టలు కుట్టే పని మాత్రం ఇంకా ఆయనదే. దబ్బనం ఆయన చేతిలోనే ఉంది. అసలు భయం అక్కడ మొదలైంది.

ఆ మగ్గాల వాళ్లలో ఒక ఆచారం ఉంది. కొత్త డిజైను మగ్గం మీదికి ఎక్కించే ముందు మొదటి అట్టకు పసుపు రాసి కుంకుమ పెట్టి టెంకాయ కొడతారు. అందుకే, అట్టల మీద అక్కడక్కడా ఎర్రచుక్కలు కనబడితే ఎవరికీ అనుమానం రాలేదు. మొదటి అట్ట మీద, ఏడో అట్ట మీద, ముప్ఫయ్యో అట్ట మీద. కుంకుమ రాలిందనుకున్నారు. అట్టలకు బొట్టు పెట్టేది అత్తే గనక షావుకారు ఒకరోజు ఆమెను కసురుకున్నాడు కూడా. "కుంకుమ అంతంత చల్లొద్దమ్మా, పట్టుకు అంటుకుంటాది." అత్త తాను చల్లలేదని, ఎవరో నేతగాళ్ల ఆడవాళ్లు చల్లి ఉంటారని వాళ్ల మీద విసుక్కుంది. నేనూ ఆ చుక్కలు చూశాను. చూసి కళ్లకద్దుకున్నాను. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం మామ ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాను. పెనుకొండలో మా అమ్మ మోకాళ్ల నొప్పుల సంగతి ఆయన అడుగుతున్నాడు. అడుగుతూనే దబ్బనం గుచ్చాడు. అది అట్టలోంచి వచ్చి చూపుడువేలి కండలో దిగింది. ఆయన మాట ఆగలేదు. దబ్బనం లాగాడు, దారం బిగించాడు, తర్వాతి అట్ట అందుకున్నాడు. దాని మీద ఎర్రగా ఒక చుక్క పడింది.

"మామా, వేలు!" అని అరిచాను.

"ఏమైంది?"

"రక్తం కారతాండాది."

ఆయన వేలు చూపించలేదు. నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పగా తగిలాక గానీ నమ్మలేదు. మగ్గాల చప్పుడులో నాకొక్కడికే వినబడేటట్టు అన్నాడు. "మీ అత్తకు చెప్పొద్దు."

సుగరు ఆయనకు ఎప్పటినుంచో ఉంది. గుర్తొచ్చినప్పుడు మాత్ర, గుర్తురాకుంటే లేదు. వేళ్ల సంగతి ఏడాదిగా తనకు తెలుసునట. "వేళ్ల మీద ఎవరో మైనం పూసినట్టుండాదప్పా. దినదినమూ ఇంగొంచెం మందంగా పూస్తాండారు," అన్నాడు. ఆ మాట నన్ను చాన్నాళ్లు నిద్రపోనివ్వలేదు.

అత్తకు చెప్పకుండానే హిందూపురం పిలుచుకొచ్చి డాక్టరుకు చూపించాను. పోయిన స్పర్శ తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. బయటికొచ్చాక టీకొట్టు దగ్గర మామ గాజు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నేను పట్టుకోలేక బల్ల మీద పెట్టిన టీ అది. ఆయన చేతులు ఎర్రబడుతున్నాయి. గ్లాసు తీసుకుని పక్కన పెట్టాను.

"నాకు కండ్లు పోయినప్పుడు నాలుగేండ్లు," అన్నాడు. "ఏం పోతాండాదో అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలుస్తాండాది అల్లుడూ."

కంప్యూటరు నేర్చుకున్నవాణ్ణి కదా, ఆ రోజే పూనుకున్నాను. ఆ వేళ్లు పూర్తిగా పోయేలోపల డిజైను ఆయనకు ఇంకో దారిలో అందించాలి. హిందూపురంలో నా గదిలో కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. రంధ్రముంటే సన్నటి కూత, లేకుంటే బొంగురు కూత. కళ్లు మూసుకుని నేనే పరీక్ష పెట్టుకుని నేనే పాసయ్యాను. ధర్మవరం తీసుకుపోయి పన్నెండు మగ్గాలు ఆడే కొట్టంలో పెట్టి మీట నొక్కాను. కొంచెంసేపటికి మామ నా వైపు తిరిగి, "ఏమప్పా, ఇంగా మొదలుపెట్టల్యా?" అన్నాడు. అప్పటికి సగం హంస అయిపోయింది.

చెవులకు హెడ్‌ఫోను పెడతానంటే ఒప్పుకోలేదు. "చెవులు మూసుకుంటే ఎవరొస్తాండారో, ఎవరు పోతాండారో నాకెట్ల తెలిసేది? నాకు దోవ చూపించేది అవే గదా." ఆ తర్వాత ఒక మాట అన్నాడు. ఇన్నేళ్లుగా నా పనికి అదే పునాది. "యాడ పని జరుగుతాదో ఆడ కూకోని చెయ్యి. నీ ఇంట్లో కూకోని చేస్తే అది నీ ఇంటికే పనికొస్తాది."

అప్పటినుంచి ప్రతి ఆదివారం పొద్దున్నే రైలెక్కి వచ్చి ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. చూపుకు దారి లేదు, చెవికి లేదు, వేలికి లేదు. ఇక మిగిలింది చర్మం. ఒకరోజు అగ్గిపుల్ల తీసుకుని ఆయన వేలి కొన నుంచి పైకి మెల్లగా తాకించుకుంటూ వచ్చాను.

"తెలుస్తాండాదా?"

"లేదు."

"ఈడ?"

"లేదప్పా."

"ఈడ?"

మణికట్టు దాటాక, "ఆ, ఈడ," అన్నాడు. అక్కడ పెన్నుతో గీత గీశాను. అంత పైకి వస్తుందని నేను అనుకోలేదు. నా మొహం ఆయనకు కనబడకపోవడమే మంచిదయింది.

కాలింగ్ బెల్లులో గంటను కొట్టే చిన్న సుత్తి ఉంటుంది. అలాంటివి రెండు విప్పి, తోలుపట్టీకి కుట్టి, కంప్యూటరుకు ప్రింటరు తగిలించే చోట తీగలు తగిలించాను. గీతకు బాగా పైన, మోచేయి దగ్గర ఆ పట్టీ కట్టాను. రంధ్రముంటే పై సుత్తి, లేకుంటే కింది సుత్తి. మొదటిసారి దాని వేగంతో అది కొట్టుకుంటూ పోతే మామ చేయి లాక్కున్నాడు. "వేలయితే వెనక్కి గూడా పోతాది. నీ పెట్టె ముందుకే ఉరుకుతాండాది. నాకు మళ్లీ అడగాలనిపిస్తే?" నిజమే. అన్ని రోజులు పక్కన కూర్చుని కూడా నాకది తట్టలేదు. ముందుకొకటి, వెనక్కొకటి మీటలు పెడతానన్నాను. మగ్గం తొక్కినట్టు కాళ్లతో తొక్కే మీటలయితే సుళువని చెప్పాను.

"కాళ్లు వద్దులే," అన్నాడు చప్పున.

ఎందుకని నేను అడగలేదు. మగ్గంలో దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే పాత నాడెలు రెండు తెచ్చి, వాటి కింద స్విచ్చులు బిగించి, అరచేతి కింది భాగంతో నొక్కేటట్టు చేశాను.

రెండు వారాలకు ఆయన చదవడం మొదలుపెట్టాడు. సుత్తులు టకటకమంటుంటే తల కొంచెం వంచి, "మామిడిపిందె. తోక కుడిపక్కకు తిరిగినాది," అనేవాడు. తిరిగే ఉండేది. ఒకరోజు షావుకారు, గుమాస్తా, నేను ముగ్గురం తెర ముందున్నాం. కొత్త కొంగు డిజైను, పెద్ద నెమలి. ముగ్గురికీ బాగుంది. మామ నాడె నొక్కుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ పోయాడు.

"ఈ తోక కాడ పద్నాలుగు ఖాళీలు వరసగా వచ్చినాయి. జరీ పోగు అంత దూరం పట్టు లేకుండా వేలాడతాది. కట్టుకున్న ఆయమ్మ గాజుకు తగులుకుంటే నెమలి తోక ఊడి చేతికొస్తాది."

తెర మీద అదంతా నిండు బంగారు రంగుగా ఉంది. చీర వెనక దారం ఎలా వేలాడుతుందో తెర చెప్పదు. షావుకారు డిజైను ఆపించాడు. ఆ రోజు నుంచి మామ తట్టి చూడనిదే ఏ డిజైనూ అట్టల దాకా పోలేదు. మామ ఆ సాయంత్రం నాకు చేయి ఇచ్చాడు. మోచేయి కాదు, చేయి. దాన్ని నా చేతిలోకి తీసుకుని నొక్కాను. "నొక్కినావా?" అని అడిగాడు.

ఇంతా రాసి ఆ కొన్నేళ్లు సుఖంగా గడిచాయని చెప్పాలని ఉంది. పని నడిచింది, నిజమే. కానీ మూడు నాలుగు నెలలకొకసారి నేను అగ్గిపుల్ల తీయాల్సి వచ్చేది. గీత పైకి పోతూనే ఉంది. పట్టీ మోచేయి నుంచి జబ్బకు ఎక్కింది. "నువ్వు గీసిన గీత యాడిదాకా వచ్చినాది?" అని అడిగేవాడు. నేను ఒక అంగుళం తగ్గించి చెప్పేవాణ్ణి. ఆయనకు తెలుసు. "ఇంగా భుజముండాది, మెడ ఉండాది. చానా చోటుండాదిలే," అని నన్నే ఓదార్చేవాడు.

అలాంటి ఒకరోజే చెప్పాడు. "చేతుల కంటే ముందు కాళ్లే పోయినాయప్పా. కాళ్లతో చదివేది లేదు గదా అని చెప్పల్యా." చెప్పి, కొంచెం మొహమాటంగా, "కాళ్లకు గూడా ఇట్లాంటిది ఒకటి కట్టరాదా? యాడ తొక్కుతాండానో, ఏం తొక్కుతాండానో చెప్పేటట్టు?" అన్నాడు.

నేను పరాచికమనుకున్నాను. "ఏం మామా, ఇంగ కాళ్లతో గూడా డిజైన్లు చూస్తావా?" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. "సరేలే, తీరినప్పుడు చూడు," అన్నాడు. నాకు తీరలేదు. సెల్‌ఫోన్లు వచ్చాయి, షాపు పెట్టాను, పెళ్లయింది. తనకోసం ఎన్నడూ నోరు తెరవని మనిషి ఒకే ఒక్కటి అడిగితే నాకు తీరలేదు. ఇది నేను దాచుకోను.

చూపు లేనివాళ్లకు కంప్యూటర్లు, ఫోన్లు అమర్చి ఇవ్వడం ఇప్పుడు నా పనిలో సగం. ఎవరింటికి పోయినా ముందు వాళ్లు కూర్చునే చోట కూర్చుంటాను. ఇంకేం అలవాటు పోయింది, ఏ పక్క నొప్పి తెలియడం లేదు అని డాక్టరులా అడుగుతాను. కొందరు నవ్వుతారు. అడగడం నాకు మామ నేర్పాడు. అడిగినదాన్ని వినడం మాత్రం ఆయన పోయాక నేర్చుకుంటున్నాను.

కాలి పుండు సంగతి మొదట పట్టింది అత్త. అదీ చూసి కాదు. వాసన వచ్చి. మామ ఆ రోజు కూడా కొట్టంలో పట్టీ కట్టుకుని డిజైను చూస్తున్నాడట. ఆటోలో ఎక్కించేటప్పుడు, "ఇంగ రెండు వరసలుండాయి, ఆగండప్పా," అన్నాడట. ఆసుపత్రిలో నేను పోయి పక్కన కూర్చుంటే, "ఏ కాలు తీసినారు?" అని నన్ను మెల్లగా అడిగాడు. ఎడమదని చెప్పాను. "సరే," అన్నాడు. అంతే.

పదకొండో దినం కర్మ అయ్యాక, కొట్టంలో ఆయన వస్తువులుంటే తెచ్చిపెట్టమని అత్త పంపింది. ఆయన శీకాయ డబ్బా, దబ్బనాలు, తోలుపట్టీ సర్దుకున్నాను. గడప బయట ఆయన చెప్పులున్నాయి. ఆటో ఎక్కించిన రోజు విడిచినవి విడిచినట్టే, దుమ్ముపట్టి. అవీ తెచ్చి అత్త ముందు పెట్టాను.

అత్త వాటిని చాలాసేపు చూసింది. "ఒక్కదినం గూడా చూసుకోకుండా తొడిగినోడు కాదు నాయనా. తేలుంటాదేమోనని రోజూ లోపల చెయ్యి పెట్టి, ఈ కొన నుంచి ఆ కొనకు తడిమి తడిమి చూసుకుంటాండె. పుండయిన వారం గూడా చూసుకున్యాడు. నా ఎదురుగానే," అంది.

ఎడమకాలి చెప్పు చేతికి తీసుకున్నాను. ఎప్పుడో అడుగున కొత్త అట్ట వేయించినప్పుడు కొట్టిన మేకు కాబోలు, కింద తల అరిగిపోయి ఉంది. ఆయన పెట్టుకున్నట్టే లోపలికి చేయి పెట్టి, మడమ నుంచి ముందుకు మెల్లగా తడిమాను.

మేకు మొన నా వేలికి వెంటనే తెలిసింది.